దీపాలదిన్నె నుంచి అనురాధపురం దాకా

(గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఈ హాలులో నేను చాలాసార్లు మాట్లాడాను. కుర్చీలు చాలక కొందరు గోడవారన నిలబడటం మాత్రం ఇదే మొదలు. శ్రీలంక ఫొటోలు చూపిస్తామని కరపత్రంలో వేసిన మహిమ అనుకుంటాను. (నవ్వులు) ఫొటోలు ఉన్నాయి, చివర్లో చూపిస్తాం. ముందే చూపిస్తే తర్వాత నా మాట వినేవారు ఉండరు.

మేము వెళ్ళింది 19 మందిమి, తొమ్మిది రోజులు. రిటైరైన ఉపాధ్యాయులం ఎక్కువ. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక సివిల్ ఇంజనీరు, సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు కూడా ఉన్నారు. మూడేళ్ళుగా నెలకొక ఆదివారం మేము అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, గోలి తిరుగుతున్నాం. మా ఇళ్ళల్లో దీనికి ఒక పేరుంది: దిబ్బలు చూసి రావడం. ఆ మాటలో కొంత నిజం ఉంది. మన దగ్గర బౌద్ధం చూడాలంటే ముందు దిబ్బను చూడాలి, తర్వాత మ్యూజియానికి వెళ్ళి ఆ దిబ్బలోంచి తీసిన రాళ్ళు చూడాలి, ఆ రెండింటినీ మనసులో అతికించుకోవాలి.

మరి శ్రీలంకే ఎందుకు? దానికి కారణం ఒక ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధాన్ని పాటించే భక్తురాలు. పేరు బోధిసిరి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో, అంటే ఇప్పటికి సుమారు 1700 ఏళ్ళ కిందట, ఆమె వేయించిన ప్రాకృత శాసనం ఒకటి ఉంది. తామ్రపర్ణి నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించానని అందులో చెప్పుకుంది. తామ్రపర్ణి అంటే శ్రీలంకే. ఆ తర్వాత తాను చేయించిన పనులన్నీ వరసగా చెబుతూ, సీహళ విహారంలో బోధివృక్షానికి ఒక ప్రాసాదం కట్టించానని రాసింది. చూడండి, కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులకు ఒక విహారం, అందులో ఒక రావిచెట్టు, దానికి ఒక గుడి! ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ అడుగున ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, తరలించగలిగినవి తరలించి, మిగిలింది నీళ్ళకు వదిలేశాం. సాగర్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళమే కాబట్టి ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. కానీ బోధిసిరి నీడ కట్టించిన ఆ చెట్టు ఏ చెట్టుకు పిల్ల అయి ఉండవచ్చు, ఆ తల్లిచెట్టు ఇంకా ఉందా అని మా నెలవారీ కూటమిలో ఒకరు అడిగారు. ఉంది, శ్రీలంక పాత రాజధాని అనురాధపురంలో ఉంది అన్నాను. అప్పుడు మొదలైంది ఈ ప్రయాణం.

ఆ చెట్టు దగ్గరికి మేము తెల్లవారకముందే వెళ్ళాం. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ అని, దేవానంపియ తిస్స రాజు కాలంలో, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో నాటారని అక్కడి వంశకథలు చెబుతాయి. మనిషి నాటిన చెట్లలో నాటిన కాలం తెలిసినవాటిలో ఇదే పెద్దదని వాళ్ళ గర్వం. మేము మహావృక్షాన్ని ఊహించుకుని వెళ్ళాం. తీరా చూస్తే ఎత్తయిన అరుగు మీద, బంగారు రంగు కటకటాల వెనక, సన్నటి కాండంతో ఒక పక్కకు వాలిన రావిచెట్టు. కొమ్మలకు కింద నుంచి ఊతాలు పెట్టారు. మా రైతుగారు చాలాసేపు చూసి, 'ముసలాయనకు చేతికర్రలు ఇచ్చారండీ' అన్నారు. మా బృందంలో చరిత్ర చదివినవాళ్ళం ఆరుగురం ఉన్నాం, ఆరుగురికీ ఆ మాట తట్టలేదు.

అక్కడ జనం చేసేది పెద్దగా ఏమీ ఉండదు. తెల్లబట్టలు కట్టుకుని వచ్చి ఇసుకలో కూర్చుంటారు. కొందరు పాళీలో చదువుకుంటారు, కొందరు ఊరికే కూర్చుంటారు. ఒక ఆకు రాలితే నలుగురు లేస్తారు, ఒకరు తీసుకుంటారు, మిగతా ముగ్గురూ మళ్ళీ కూర్చుంటారు. తోపులాట లేదు. లోపలికి వచ్చేటప్పుడు సంచులు మాత్రం విప్పి చూస్తారు. 1985 మే నెలలో ఈ పట్టణంలో, ఈ చెట్టు చుట్టుపక్కల కూడా, 146 మంది మామూలు జనాన్ని కాల్చి చంపారు. ఆ దేశం పాతికేళ్ళకు పైగా పడ్డ యుద్ధంలో ఇరువైపులా పోయిన ప్రాణాల లెక్క వేరే పెద్ద ప్రసంగం. నేను ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. చెట్టు దగ్గర నుంచి నడిచే దూరంలోనే రువన్‌వెలిసాయ ఉంది. దుట్ఠగామణి రాజు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో కట్టించిన మహాస్తూపం. ఎత్తు 103 మీటర్లు. ప్రాకారం పొడవునా భుజం భుజం రాసుకుంటూ ఏనుగుల వరస. పాలు పోసినట్టు తెల్లటి అండం, అంటే స్తూపం గుండ్రటి భాగం. చూడగానే నాకు చిరాకు వేసింది. ఇది ఇరవయ్యో శతాబ్దంలో బాగుచేసి, గచ్చు వేసి, సున్నం కొట్టిన స్తూపం. పాత ఇటుక ఎక్కడా కంటికి కనపడదు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం ఒకటే: ఉన్నది ఉన్నట్టు కాపాడాలి, కొత్తగా ఏమీ పూయకూడదు. ఆ మాటే అక్కడ కాస్త గట్టిగా అన్నాను. మా ఇంజనీరుగారు నా పక్షాన నిలిచారు. మిరిసవేటియ అనే మరో స్తూపాన్ని ఇలాగే కొత్తగా కడుతుంటే 1987లో కూలిపోయిందని, మళ్ళీ కట్టాల్సి వచ్చిందని ఆయన ముందే చదివి వచ్చారు. ఇటుక మీద ఇటుక పేర్చిన పాతవాళ్ళ లెక్క మనకు తెలియకుండా పైన బరువు పెట్టకూడదని ఆయన వాదం.

మేమిద్దరం ఇలా నడిఎండలో వాదించుకుంటూ ఉండగా, చెప్పులు లేకుండా ఆ రాతి పరుపు మీద నిలబడి ఉన్న సంగతి మరిచిపోయాం. స్తూపం ముందు చెప్పులు, టోపీలు ఉండకూడదు. తెలిసినవాళ్ళు మేజోళ్ళు తెచ్చుకున్నారు. మేజోళ్ళు వేసుకుని గుడికి వెళ్ళడం ఏమిటని ముందురోజు నేనే వెటకారం చేశాను. పదకొండు గంటలకు ఆ రాయి పెనంలా ఉంది. అరవై నాలుగేళ్ళ వయసులో ఒంటికాలి మీద గెంతాను. (నవ్వులు)

నీడకు చేరి చూస్తే మా తెలుగు టీచరుగారు కనపడలేదు. ఆమె పూల దుకాణం దగ్గర ఉన్నారు. అక్కడ తామర మొగ్గలు అమ్ముతారు, నీలికలువలు అమ్ముతారు. అమ్మే ఆవిడ తామర రేకుల్ని ఒక్కొక్కటే వేలితో లోపలికి మడుస్తూ పోతుంది. ముడుచుకున్న మొగ్గ అర నిమిషంలో విచ్చిన పువ్వు అవుతుంది. మా టీచరుగారు అది నేర్చుకుంటున్నారు. రెండు పూలు పాడయ్యాయి, మూడోది కుదిరింది. ఆ పూలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి, నీళ్ళు చిలకరించి, వేదిక మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చారు. 'మీరు అధ్యయనానికి వచ్చారా, పూజకు వచ్చారా?' అని అడిగాను. 'అమరావతిలో చేయాలనిపించినా ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాను సార్' అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. అమరావతి సంగతి ఈ సభలో చాలామందికి తెలుసు. మన దీపాలదిన్నె. ఊరు కట్టుకోవడానికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి మనుషులు ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిన్నెను తవ్వారు. కొన్ని పలకలు సున్నపు బట్టీలోకి వెళ్ళాయి. నడిమధ్య చెరువు తవ్వారు. 1816లో కాలిన్ మెకంజీ బృందం వచ్చి మిగిలిన రాళ్ళకు బొమ్మలు గీయించింది. ఆ తర్వాత దొరలు ఒకరి తర్వాత ఒకరు తవ్వారు. పలకలు కొన్ని చెన్నైకి, వందకు పైగా లండన్‌కు చేరాయి. ఇప్పుడు అక్కడ ఉన్నది గడ్డి పెరిగిన గుండ్రటి తిన్నె. 2006లో కాలచక్ర ఉత్సవం జరిగినప్పుడు అన్ని దేశాల నుంచి జనం వచ్చారు. వాళ్ళు వెళ్ళాక ఆ తిన్నె మళ్ళీ మాలాంటి ఆదివారం మనుషులకే మిగిలింది. అక్కడ అన్నీ నా పాఠంలో చెప్పినట్టే ఉన్నాయి. ఎవరూ కొత్తగా ఏమీ పూయలేదు. పూయడానికి అక్కడ ఏమైనా మిగిలితే గదా!

ఆ సాయంత్రం మళ్ళీ రువన్‌వెలిసాయకు వెళ్ళాం. డోలు మోగుతోంది. ఏదో ఊరి నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, వంద మందికి పైగా ఉంటారు, పొడవాటి కాషాయ వస్త్రాన్ని తలల మీదుగా పట్టుకుని స్తూపం చుట్టూ నడుస్తున్నారు. స్తూపానికి చుట్టే వస్త్రం అది. మధ్యలో పట్టుకునేవాళ్ళు తగ్గి బట్ట కిందికి జారుతుంటే, ఒక ముసలావిడ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. రమ్మని. భాష తెలియదు, ఆ చెయ్యి మాత్రం మన ఊళ్ళో రథం తాడు పట్టమని పిలిచే చెయ్యే. మేము పన్నెండు మందిమి వెళ్ళి పట్టుకున్నాం. నేను కూడా.

ఆ బట్ట కింద నడుస్తుంటే శ్రీలంక పాత పాళీ చరిత్రగ్రంథం మహావంశంలోని కథ నాకు గుర్తొచ్చింది. స్తూపం పూర్తికాకముందే దుట్ఠగామణికి జబ్బు చేసింది. అన్న పూర్తయిన స్తూపాన్ని చూడకుండానే పోతాడని తమ్ముడు సద్ధాతిస్సకు దిగులు పట్టింది. తెల్లటి బట్టలు కుట్టించి, మిగిలిన కట్టడాన్ని ఆ బట్టతో కప్పించి, పైభాగాన్ని వెదురుతో కట్టించి, పూర్తయిందని చెప్పి అన్నను పల్లకీలో తీసుకొచ్చాడు. రాజు పడుకునే దాన్ని చూసి నమస్కరించి కన్నుమూశాడు. ఈ కథను నేను ఎన్నో ఏళ్ళు కట్టుకథ అనే పేరు కింద చెప్పేశాను. కథ నిజమో కాదో ఇప్పటికీ తేల్చలేను. కానీ ఆ స్తూపానికి తెలుపు వేసినవాళ్ళు పాడుచేశారని పొద్దున అన్న మాట సాయంత్రం అనలేకపోయాను. కట్టినవాడు చివరగా చూసింది కూడా తెల్లటి కప్పునే గదా.

అలాగని నా పాఠం మొత్తం తప్పని ఒప్పుకోను. మర్నాడు జేతవనారామం చూశాం. మూడో శతాబ్ది చివర మహాసేనుడు మొదలుపెట్టించాడు. కట్టిన రోజుల్లో 122 మీటర్ల ఎత్తు, గిజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత అంత ఎత్తయిన కట్టడం లోకంలో అదే. పట్టిన ఇటుకలు తొమ్మిది కోట్లకు పైగా అని అంచనా. దానికి సున్నం వేయలేదు. ఎర్రటి ఇటుక కొండలా ఉంది. పూజించే జనం తక్కువ. దాని పాదం దగ్గర నిలబడి ఇటుక వరసలు చూస్తుంటే మా ఇంజనీరుగారు మాట్లాడటం మానేశారు. ఆయన మాట్లాడకపోవడం ఆ తొమ్మిది రోజుల్లో అదొక్కసారే. చదువుకోవడానికి నాకు జేతవనమే కావాలి. మా టీచరుగారికి రువన్‌వెలిసాయ కావాలి. ఆ ఊరివాళ్ళు రెండూ పక్కపక్కనే ఉంచుకున్నారు.

మన గుర్తుల మాట అడుగుతారని తెలుసు. ఉన్నాయి. అమరావతి స్తూపానికి నాలుగు దిక్కులా ఆయక వేదికలు ఉండేవి, ఒక్కొక్క దానిమీద అయిదేసి స్తంభాలు. అక్కడి స్తూపాలకూ నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన నిర్మాణాలున్నాయి, వాటిని వాహల్కడ అంటారు. గుమ్మాల ముందు అర్ధచంద్రాకారపు రాతి మెట్టు ఉంటుంది. మనం చంద్రశిల అంటాం, నాగార్జునకొండలో చూసినవాళ్ళున్నారు. అనురాధపురం వాళ్ళు దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. అంచున జ్వాలలు, లోపల వరసగా ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు, ఆ లోపల తీగ, దాని లోపల హంసలు, నడుమ అరవిచ్చిన తామర. హంసల ముక్కున పూమొగ్గలు. రాతిమీద వంగి చూశాను, ఏ రెండు హంసలూ ఒక్కలా లేవనిపించింది. మెట్లకు ఇరుపక్కలా కాపలారాళ్ళు. నాగరాజు చేతిలో పూర్ణఘటం. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న అమరావతి పూర్ణఘటానికి అది పినతల్లి కూతురులా ఉంది. పల్నాటి సున్నపురాతితో చెక్కిన శిల్పాలే ఆ దీవిలో దొరికాయి కూడా, అంటే రాయే ఓడ ఎక్కి వెళ్ళిందన్నమాట. ఇదంతా మనం వాళ్ళకు నేర్పామని చెప్పుకోవాలని మా బ్యాంకు మిత్రునికి ఉబలాటం. బోధిసిరి ఏం రాసింది మరి? వాళ్ళ ఆచార్యుల కోసం ఇక్కడ గుడి కట్టాను అంది. రాయి ఇటు నుంచి వెళ్ళింది, గురువులు అటు నుంచి వచ్చారు. లెక్క సరిపోయింది.

మిహింతలెలో 1840 మెట్లు. సగం దాకా బస్సు వెళుతుంది, మాలో చాలామంది బస్సునే నమ్ముకున్నారు. అశోకుడి కొడుకు మహిందుడు దేవానంపియ తిస్స రాజును కలిసిన చోటు అది. వేటకు వచ్చిన రాజుకు ధర్మం చెప్పేముందు, ఇతనికి బుద్ధి ఉందా లేదా అని చూశాడట. ఈ చెట్టు పేరేమిటి? మామిడి. ఇది కాక వేరే మామిడిచెట్లు ఉన్నాయా? చాలా ఉన్నాయి. ఇదీ, ఆ మామిడిచెట్లూ కాక వేరే చెట్లున్నాయా? ఉన్నాయి, కానీ అవి మామిడి కావు. ఆ వేరే మామిడిచెట్లూ, మామిడి కాని చెట్లూ పోగా ఇంకేదైనా చెట్టు ఉందా? ఈ మామిడిచెట్టు ఉంది స్వామీ అన్నాడు రాజు. ఆ చోటనే నిలబడి మా వాళ్ళను ఇదే వరసలో అడిగాను. పదిమందిలో ఇద్దరు పాసయ్యారు. ఒకరు రైతుగారు.

సిగిరియ గురించి ఫొటోలే మాట్లాడతాయి. ఒక్కమాట చెప్పి వదిలేస్తాను. అక్కడి కొండగోడ మీది చిత్రాలు చూడవచ్చినవాళ్ళు, ఎనిమిదో శతాబ్దం నుంచి, అద్దంలా నున్నగా తీర్చిన గోడ మీద పద్యాలు గీకిపోయారు. వాటిలో 685 చదివి అచ్చువేశారు. అప్పటి గీతలు సాహిత్యం, ఇప్పుడు గీస్తే జైలు. కశ్యప రాజు ఆ కొండ ఎక్కి దాక్కోవడానికి కారణం తండ్రి ధాతుసేనుణ్ణి చంపడం. నిధి ఎక్కడుందో చూపించమంటే ధాతుసేనుడు తాను కట్టించిన కలావెవ చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, దోసిట నీళ్ళు తీసి, నా ఆస్తి ఇదే అన్నాడట. కాకతీయుల చెరువుల గురించి ఇదే హాలులో విన్న మనకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

పొలొన్నరువలో గల్ విహార దగ్గర నేను ఎక్కువసేపు ఉన్నాను. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు చేయించినవి. ఒకే బండలో కూర్చున్న బుద్ధుడు, నిలుచున్న విగ్రహం, 14 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుడు. పైన వేసిన కప్పు అందంగా లేదు, అది చెప్పి తీరాలి. అయినా కింద చూడండి. తల కింద దిండు చెక్కారు. తల బరువుకు ఆ దిండు మధ్యలో కొద్దిగా లొత్తపడి ఉంటుంది. నల్లరాతికి మెత్తదనం తెచ్చిన ఆ శిల్పి పేరు ఎక్కడా లేదు. రాజుల పేర్లకు మాత్రం కొదవ లేదు. నిశ్శంకమల్లుడైతే 'గల్ పొత', అంటే రాతి పుస్తకం అనే పెద్ద బండ మీద తన గొప్పలన్నీ చెక్కించుకున్నాడు. కళింగ సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నవాడు. శ్రీకాకుళం దగ్గరి సింగుపురమే ఆ సింహపురమని కొందరు చరిత్రకారుల గుర్తింపు. మాలో ఒకాయన అత్తగారిది ఆ పక్క ఊరే. ఆ రోజంతా ఆయన్ని రాజుగారి అల్లుడనే పిలిచాం.

చివరగా క్యాండీ. బుద్ధుడిదని చెప్పే దంతధాతువు గుడిలో మీకు దంతం కనిపించదు. పూజవేళ డోళ్ళు మోగుతాయి, తలుపు తెరుచుకుంటుంది, దంతం దాచిన బంగారు కరండం, అంటే పేటిక, క్షణంపాటు కనిపిస్తుంది, వెనకవాళ్ళు ముందుకు జరుపుతారు. తిరుమలలో అలవాటైనవాళ్ళం కాబట్టి మాకు కష్టం అనిపించలేదు. నాకు ఆసక్తి వేరే. 1739లో అక్కడి రాజు సంతానం లేక పోతే, మదురై నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. అక్కడి నుంచి 1815 దాకా నలుగురు రాజులు, నాయక్కర్ వంశం. మూలంలో తెలుగువాళ్ళు. రెండో ఆయన కీర్తి శ్రీ రాజసింహ. విభూతి పెట్టుకుంటాడని గిట్టనివాళ్ళు 1760లో ఆయన మీద కుట్ర పన్నారు. అదే మనిషి అంతకు ఏడేళ్ళ ముందు సియాం నుంచి భిక్షువులను రప్పించి, ఆ దీవిలో తెగిపోయిన ఉపసంపద దీక్షను, అంటే పూర్తి భిక్షువుగా చేర్చుకునే దీక్షను, మళ్ళీ నిలబెట్టాడు. ఇవాళ అక్కడ సియాం నికాయ అనే పెద్ద భిక్షు సంఘం ఉందంటే అది ఆ పుణ్యమే. దంబుల్ల గుహల్లో ఆయన విగ్రహం ఉంది. చుట్టూ నిండా బుద్ధులు, మధ్యలో చేతులు జోడించి నిలబడ్డ రాజు. మాతో వచ్చిన అక్కడి గైడుకు ఆయన తెలుగు మూలాల సంగతి చెబితే, 'అవునా? మాకు ఆయన మా రాజు' అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. మా బ్యాంకు మిత్రునికి నచ్చలేదు.

ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను ఆంగ్లేయులు పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు. 1832లో అక్కడే పోయాడు. సమాధి వేలూరులో ఉంది. వచ్చే నెల దిబ్బల ఆదివారం అక్కడికే, పేర్లు ఇచ్చేవాళ్ళు బయట పుస్తకంలో రాయండి.

ఇక ఫొటోలు. ఆ వెనక దీపాలు ఆర్పండి బాబూ. మొదటి దాంట్లో స్తూపం పైకొస తెగిపోయింది, క్షమించాలి. కింద ఎర్రగా కనిపిస్తున్నవి నా పాదాలు. పక్కన మేజోళ్ళతో నవ్వుతున్నది మా తెలుగు టీచరుగారు.